బుడమేరు ముంపు మోడల్‌లో నీరు ఎందుకు నిలవడం లేదు?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు ముంచెత్తిన విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతానికి హెక్‌రాస్ అనే వరద ప్రవాహ సాఫ్ట్‌వేర్‌లో 2డి మోడల్ తయారు చేస్తున్నాను. అక్కడ మా బంధువుల ఇంటి గోడ మీద బురద చార ఇప్పటికీ కనిపిస్తోంది. టేపుతో నేనే కొలిచాను, నేల నుంచి 1.6 మీటర్లు. మోడల్ మాత్రం అదే చోట 0.5 మీటరు లోతు చూపి, రెండో రోజుకే నీటిని ఖాళీ చేస్తోంది. నిజానికి ఆ వీధిలో వారం దాటినా నీరు తీయలేదు.

నేల ఎత్తులకు మొదట కోపర్నికస్ 30 మీటర్ల గళ్ల డెమ్ (ఎత్తుల డిజిటల్ పటం) వాడాను. అది ఇళ్ల కప్పులను, చెట్ల తలలను కూడా కలుపుకొనే ఉపరితలం కనుక వాటిని తొలగించిన ఫ్యాబ్‌డెమ్‌కు మారాను, లోతు 0.2 మీటరు పెరిగింది, అంతే. నేల గరుకుదనాన్ని సూచించే మ్యానింగ్ గుణకాన్ని 0.035 నుంచి 0.1 వరకు మార్చాను, లెక్క ఒక్కో అడుగుకు తీసుకునే టైమ్ స్టెప్‌ను 20 సెకన్ల నుంచి 5కు తగ్గించాను, డిఫ్యూజన్ వేవ్ అనే సరళీకరించిన సమీకరణాల బదులు పూర్తి సమీకరణాలతోనూ నడిపాను. నీటి పరిమాణంలో దోషం 0.1 శాతం లోపే ఉంది.

నా అనుమానమంతా నీటిని ఆపి నిలిపే రైలు కట్ట మీద, కాలువ గట్ల మీద. పది మీటర్ల వెడల్పైనా లేని గట్టు 30 మీటర్ల గడిలో సగటై కరిగిపోతుంది. బ్రేక్‌లైన్లు గీశాను గానీ, అవి గళ్ల అంచులను గట్టు వెంబడి సర్దుతాయే తప్ప లేని ఎత్తును తెచ్చిపెట్టవు.

లైడార్ (లేజర్‌తో తీసే) ఎత్తు కొలతలు అందుబాటులో లేనప్పుడు, వంద మీటర్లకొకటి చొప్పున లెవెల్ యంత్రంతో కొలిచిన గట్టు ఎత్తులను టెరైన్‌లోనే (మోడల్ వాడే నేల ఎత్తుల పొరలోనే) కలపడం సరైనదా, లేక గట్టును 2డి కనెక్షన్‌గా (నీటికి అడ్డుగా మోడల్‌లో విడిగా ఇచ్చే కట్టడంగా) పెట్టి తూములను అందులో చూపడం సరైనదా?