‘ఖిఫిదోల-మరు-అ-దజ’: వాన రాణి బిరుదు గురించి

నిన్నటి వానపాటల చర్చలో బలోబెడు వాళ్ల పాటల సంగతేంటని ఒకరు అడిగారు. పాటల కన్నా ముందు, వాన తన చేతిలో ఉంటుందని జనం నమ్మే వాళ్ల రాణిని పిలిచే ఈ బిరుదు చూడండి. దక్షిణాఫ్రికా లింపోపో రాష్ట్రంలో, త్సనీన్‌కి పైనున్న కొండల్లో వీళ్ల రాజ్యం. రాణిని మోజాజి అంటారు, సుమారు 1800 నుంచి గద్దె ఆడవాళ్లదే.

‘మరు’ అంటే మబ్బులు, ఒక్కటే అయితే ‘లెరు’. ‘ఫిదోల’ అంటే మార్చడం. ముందున్న ‘ఖి’ వీళ్ల భాషకి దగ్గరిదైన సెపెడి భాషలోని ‘సె’కి బదులు వచ్చేది, వీళ్ల భాషకి ఖెలోబెడు అన్న పేరూ అలా వచ్చిందే. మొత్తానికి మబ్బుల్ని మార్చే ఆవిడ అని. కురిపించే ఆవిడ అనలేదు, గమనించారా! తేవడం, తరిమెయ్యడం రెండూ ఆవిడ చేతిలోవే, పగవాళ్ల పొలాలకి వాన ఆపేస్తుందన్న భయంతోనే చుట్టుపక్కల రాజులు కానుకలు పంపేవాళ్లు.

> మరి మన విరాటపర్వం పారాయణ, కప్పతల్లి ఆట లాంటిదే కదండీ?

నాకైతే అలా అనిపించదు. మనం దేవుణ్ణి అడుగుతాం, అక్కడ జనం వెళ్లేది రాణి దగ్గరికి. వాన రాకపోతే కానుకలు పట్టుకెళ్లి, ఆడి పాడి ఆవిడ మనసు కరిగించాలి, ఎందుకంటే ఆవిడకి కోపమొచ్చినా బెంగ పెట్టుకున్నా వాన చెడుతుందని నమ్మకం. అలాగని ఆవిడ ఒక్కతే చెయ్యగలిగిందీ కాదు, పూర్వీకులు ఒప్పుకోవాలి. వాళ్లకి ధాన్యంతో చేసిన బీరు ధార పోస్తారు, ‘గొమన’ అనే పవిత్రమైన డప్పులున్నాయి. అసలు వాన రప్పించే మందు మాత్రం కుండల్లో ఉంటుంది, దాని గుట్టు రాణి చనిపోయే ముందు వారసురాలికి చెబుతుంది. 1930లలో అక్కడ పనిచేసిన మానవశాస్త్రవేత్తలు ఐలీన్, జాక్ క్రీగె దంపతులు ఇవన్నీ రాసిపెట్టారు. కాబట్టి పాట ఒక్కటే విని వానపాట అనేస్తే సగమే తెలిసినట్టు.

> ఇప్పుడు రాణి ఎవరు?

2005లో అప్పటి రాణి మకోబో చనిపోయారు. ఆవిడ కూతురు మసలనబోని 2024లో ప్రభుత్వం రాణిగా గుర్తించింది, అయితే రాజకుటుంబంలో కొందరు అంతకుముందే మసలనబో అన్నగారికి పట్టం అన్నారు, గొడవ నడుస్తోంది.