గ్యాస్ నొప్పేలే అనేవాళ్లకి ఎలా నచ్చజెప్తారు?
ఉదయగిరి వైపు పల్లెల్లో పనిచేసే నర్సులూ, 108 వాళ్లూ కాస్త చెప్పండి. గుండెపోటొచ్చి ఛాతీ పట్టేసి, దవడకో ఎడమచేతికో లాగుతూ చెమటలు కారుతున్నా "గ్యాసేలే, సోడా తాగితే పోద్ది" అంటారు. షుగరున్నోళ్లలో కొందరికి నొప్పే ఉండదు, ఆయాసమొక్కటే. మొదటి ఈసీజీ మామూలుగా వస్తే చాలు, చొక్కా వేసుకుని లేస్తారు. 15-30 నిమిషాలకి మళ్లీ తీయాలంటే వినరు. అలర్జీ, రక్తస్రావం లేకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలిస్తాం, సరే. పై బీపీ 90 లోపుంటే రక్తనాళాల్ని వదులుచేసే సార్బిట్రేట్ మాత్ర నాలిక కింద పెట్టకూడదు, అదీ తెలుసు. చిక్కంతా టైముతోనే. రక్తపు గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ సూది నొప్పి మొదలైన 12 గంటల్లోపు పడాల, ఎంత ముందైతే అంత మేలు. నెల్లూరేమో దాదాపు 100 కిలోమీటర్లు. "కొడుకు రావాల, పొద్దున పోదాం" అనే పెద్దాయన్ని బెదరగొట్టకుండా అప్పటికప్పుడు బండెక్కించాలంటే మీరైతే ఏం చెప్తారు?