లెపర్డ్ గెకో పదకొండు రోజులుగా తిండి ముట్టట్లేదు, ఏం చేయాలి?

డాలస్ అమ్మ: మా బాబు పుట్టినరోజుకి కొన్న లెపర్డ్ గెకో అండి, పేరు చిట్టి. వచ్చిన కొత్తలో మీల్‌వర్మ్‌లు గబగబా తినేది. ఇప్పుడు పురుగు ముక్కు ముందుకొచ్చినా మొహం తిప్పేసుకుంటోంది. ట్యాంకు కింద హీట్ మ్యాట్ ఉంది, అద్దానికి అతికించిన థర్మామీటర్ 80 ఫారన్‌హీట్ చూపిస్తోంది. "డబ్బులిచ్చి బల్లిని కొనుక్కోవడమేంటే" అని మా అత్తగారు ముందే అన్నారు. మీద పడితే ఏ ఫలితమో చూడ్డానికి పంచాంగం కూడా తీసి పెట్టుకున్నారు. నాకేమో టెన్షన్.

మూడు గెకోల మామ: అద్దం మీద 80 ఉంటే ఏం లాభం అండీ, దాని పొట్ట ఆనేది నేలకి. టెంపరేచర్ గన్‌తో వేడి వైపు గూడు లోపల నేలని చూడండి. అక్కడ 88 నుంచి 92 ఉండాలి, అంటే 31–33 సెల్సియస్. రెండో వైపు 75–80 చాలు. ఒంటికి సరిపడా వేడి తగలకపోతే తిన్నది సరిగ్గా అరగదు, ఆకలీ పోతుంది. తోక ఎలా ఉంది? కొవ్వంతా దాచుకునేది అందులోనే. పెద్ద గెకో అయ్యి, తోక లావుగా ఉంటే పదకొండు రోజులకి కంగారు పడక్కర్లేదు. చలికాలంలో మావి ఇంకా ఎక్కువ రోజులే అలుగుతాయి. తోక సన్నబడుతుంటే మాత్రం సరీసృపాలు చూసే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

డాలస్ అమ్మ: తోక బొద్దుగానే ఉంది. నేల 76! మ్యాట్ మీద రెండంగుళాల ఇసుక ఉందండి. ఎడారి జీవి కదా, ఇసుకే మంచిదన్నారు షాపులో.

మూడు గెకోల మామ: ఇంకేం, దొరికింది. ఆ ఇసుక వేడిని పైకి రానివ్వట్లేదు. పురుగుతో పాటు కడుపులోకి పోతే పేగులకి అడ్డం పడే ప్రమాదం కూడా ఉంది. తీసేసి పేపర్ టవల్ గానీ, టైల్ గానీ వేయండి.

విశాఖ కుర్రాడు: నేను పెంచను, కొండల్లో తిరుగుతాను. తూర్పు కనుమల్లో దీని చుట్టం ఉంది, 2022లోనే కొత్త జాతిగా గుర్తించారు. ఇవి ఇసుక దిబ్బల మీద కాదు, రాళ్ళ సందుల్లో, గట్టి నేల మీద బతికేవి. వేళ్ళకి జిగురు మెత్తలుండవు, మన గోడబల్లిలా అద్దం ఎక్కలేవు. కనురెప్పలు మాత్రం ఉంటాయి! విషమని చాలామంది కొట్టి చంపేస్తారు, చుక్క విషం కూడా లేదు. అలాగని ఎవరూ అడవిలోంచి పట్టి తెచ్చుకోకండి.

కెంట్ శ్రీను: మ్యాట్‌కి థర్మోస్టాట్, అంటే వేడి మించకుండా ఆపేది, ఉందా అక్కా? నేను అది లేకుండా మ్యాట్ వాడి మా గెకో పొట్ట కాల్చాను. ఇసుక తీసేశాక వేడి ఒక్కసారిగా పెరుగుతుంది, ముందు అది కొనండి. ఇంకోటి, తడి గూడు. మూత ఉన్న డబ్బాకి పక్కన కన్నం పెట్టి లోపల తడి టిష్యూ వేస్తే చాలు. మా దానికి అది పెట్టలేదు. కుబుసం విడిచినప్పుడు ఒక వేలి చుట్టూ దారంలా చర్మం మిగిలిపోయింది. విడిచిన చర్మాన్ని అదే తినేస్తుంది కాబట్టి అంతా వచ్చేసిందనుకున్నాను. రక్తం ఆడక వేలి కొస నల్లబడి రాలిపోయింది. అప్పట్నుంచి ప్రతిసారీ టార్చ్ వేసి వేళ్ళు లెక్కపెడతాను. చర్మం ఉంటే గోరువెచ్చని నీళ్ళలో పాదాలు నాననిచ్చి దూదిపుల్లతో మెల్లగా తీస్తాను. తోక మాత్రం పట్టుకోకండి, ఊడిపోతుంది. మళ్ళీ వచ్చినా మొదటి అందం రాదు.

మూడు గెకోల మామ: పురుగులకి కాల్షియం పొడి అద్దడం మర్చిపోకండి. మీల్‌వర్మ్‌ల డబ్బా మా ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి పక్కనే ఉంటుంది. చుట్టాలొస్తే ముందు దాన్ని దాచాలి.

డాలస్ అమ్మ: ఇసుక తీసి, థర్మోస్టాట్ పెట్టి ఆరు రోజులైంది. నిన్న రాత్రి హాల్లోంచి "తిన్నదర్రా!" అని కేక. చూసింది అత్తగారే. వరసగా మూడు పురుగులు! బరువు 52 గ్రాములు. వంటింటి తూకంలో వేశానని తెలిసి, ఆ తూకం ఇక వంటింట్లోకి రాకూడదన్నారు.