పిల్లాడి విటమిన్ సి డ్రాప్స్ మామయ్య కూడా వేసుకుంటున్నారు, పర్వాలేదా?

బుజ్జిగాడమ్మ
మా బాబుకి రెండేళ్ళు. హనుమకొండలో ఉంటాం. నెలన్నర కిందట జలుబు, దగ్గు వచ్చి ముద్ద ముట్టకపోతే పిల్లల డాక్టర్ విటమిన్ సి డ్రాప్స్ రాశారు, రోజూ అర ఎంఎల్, పది రోజులు. ఆ పది రోజులు ఎప్పుడో అయిపోయాయి. నేను ఆఫీసుకి పోతే బాబుని చూసుకునేది మా అత్తమ్మే. మొన్న సెలవు రోజు చూస్తే ఆవిడ ఇంకా వేస్తూనే ఉన్నారు. అదీ అర కాదు, డ్రాపర్ నిండా, పొగలు వస్తున్న పాలల్లో కలిపి. రెండు వారాల నుంచి మామయ్య కూడా అదే సీసాలోంచి రెండు డ్రాపర్లు నీళ్ళల్లో పిండుకొని తాగుతున్నారు, "పిల్లలకిచ్చేదే కదా, నాకేం చేస్తది" అని. ఆయనకి షుగర్ ఉంది, మూడేళ్ళ కిందట కిడ్నీలో రాయి కూడా వచ్చింది. ఇప్పుడు నడిచేది ఐదో సీసా. భయపడాలా వద్దా, తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారోడు
నీళ్ళలో కరిగే విటమిన్ అండీ. ఎక్కువైతే మూత్రంలో పోతుంది. టెన్షన్ వద్దు.

జామచెట్టు
అమ్మా, నేను ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. అసలు ఈ సీసా ఇంట్లోకి ఎందుకు వచ్చింది? హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, 2020లో వాళ్ళిచ్చిన లెక్క ప్రకారం ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లలకి రోజుకి కావలసిన విటమిన్ సి 30 మిల్లీగ్రాములు. వంద గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకి పైనే ఉంటుంది. అంటే మీ బాబుకి కావలసింది చిన్న జామముక్క, అంతే! పెద్దవాళ్ళకి కూడా మగవాళ్ళకి 80, ఆడవాళ్ళకి 65, ఒక కాయతో సరి. మన పెరట్లో రాలిపోతున్నదాన్ని వదిలేసి షాపులో డబ్బులు పోసి కొంటున్నాం. మా చిన్నప్పుడు ఏ డ్రాప్స్ తాగాం?

కౌంటర్_వెనకోడు
మెడికల్ షాపులో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాను కాబట్టి చెప్తున్నా. ముందు ఒక పని చెయ్యండక్కా, సీసా తీసి లేబుల్ మీద ఒక ఎంఎల్‌కి ఎన్ని మిల్లీగ్రాములో చూడండి. మన దగ్గర ఎక్కువగా దొరికేవి ఎంఎల్‌కి 100. అన్నీ ఒకటే కాదు, కంపెనీ మారితే మారొచ్చు. 100 అనుకుంటే డాక్టర్ రాసింది 50 మిల్లీగ్రాములు, అత్తమ్మగారు వేస్తున్నది 100. రోజూ అవసరమైనదానికి మూడింతలు. అయినా ప్రమాదమేం కాదు. అమెరికా లెక్కల్లో ఈ వయసుకి దాటకూడని హద్దు 400. అందుకని బాబు గురించి కంగారు వద్దు, మహా అయితే విరేచనం పల్చగా అవుతుంది. కానీ రాసిన గడువు అయ్యాక ఆపాలి. ఇంకో మాట, వేడి పాలల్లో కలిపితే ఆ విటమిన్ కొంత పాడైపోతుంది, ఆ మేరకు దండగ. సీసా స్టవ్ పక్కన పెట్టినా అంతే, మందు రంగు ముదిరి గోధుమ రంగుకి వచ్చిందంటే పారబోయడమే.

మామయ్యగారిది వేరే సంగతి. ఆయన మానెయ్యాలి, ఇవాళే.

గోదారోడు
ఎందుకు మానాలి? చెప్పాను కదా, నీళ్ళలో కరిగేది. ఎక్కువైతే మూత్రంలోకే.

కౌంటర్_వెనకోడు
మూత్రంలోకి ఏ రూపంలో పోతుందో కూడా చూడాలి కదా తమ్ముడూ. ఎక్కువైన విటమిన్ సి లో కొంత ఒంట్లో ఆక్సలేట్‌గా మారుతుంది. కిడ్నీ రాళ్ళలో ఎక్కువ రకం కాల్షియం ఆక్సలేట్ రాళ్ళే. స్వీడన్‌లో మగవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2013లో వచ్చింది, విటమిన్ సి మాత్రలు వేసుకునేవాళ్ళలో రాళ్ళు దాదాపు రెండింతలు కనబడ్డాయి. ఒకసారి రాయి వచ్చినాయన డాక్టర్ని అడక్కుండా రోజూ తాగొచ్చా? నువ్వే చెప్పు.

జామచెట్టు
అమ్మేదీ మీరే, ప్రమాదమని చెప్పేదీ మీరే. ఐదు సీసాలు ఎవరు అమ్మారు ఆ పెద్దావిడకి? చీటీ అడిగారా?

రెండో_కాన్పు
మా పాపకి అంగన్‌వాడీలో ఐరన్ సిరప్ ఇస్తారు, దాంతో పాటు విటమిన్ సి ఇస్తే మంచిదని విన్నాను, నిజమేనా?

కౌంటర్_వెనకోడు
నిజమే, సి ఉంటే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. దానికి సీసా అక్కర్లేదు, అన్నంలో నిమ్మరసం పిండినా చాలు.

మాస్టారూ, చీటీ అడిగారా అన్నారు. మీకు తెలుసో లేదో, ఈ డ్రాప్స్ చాలావరకు మందు కిందే రావు, ఆహార పదార్థాల లైసెన్సు మీద వస్తాయి. సీసా మీద పద్నాలుగు అంకెల నంబరు ఉంటే అది ఆ లైసెన్సు నంబరే. చీటీ అడిగే రూలే లేదు. అయినా నేను అడుగుతాను. 2021 వేసవిలో కరోనా భయంతో జనం నా కౌంటర్ ముందు వరుస కట్టి విటమిన్ సి 500 మిల్లీగ్రాముల బిళ్ళలు స్ట్రిప్పులకి స్ట్రిప్పులు అడుగుతుంటే, ఇంట్లో అందరికీ అక్కర్లేదండీ అని నేను చెప్పిన మాటకి పక్క షాపుకి పోయారు. ఆ నెల నా అమ్మకం ఎంత పోయిందో నాకు తెలుసు. మీలాంటివాళ్ళకి షాపువాడంటే దొంగే.

జామచెట్టు
నేను దొంగ అన్నానా? ఐదు సీసాలు ఎవరు అమ్మారు అని అడిగాను. జవాబు రాలేదు.

నిద్రలేని_నాన్న
అసలు జలుబుకి ఇది పనిచేస్తుందా అనేది ఎవరూ మాట్లాడట్లేదు. కొక్రేన్ అని వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే సంస్థ ఉంది, వాళ్ళ 2013 సమీక్షలో అప్పటిదాకా జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి చూశారు. రోజూ వేసుకున్నా మామూలు జనానికి జలుబు రావడం ఆగదు. వచ్చిన జలుబు పిల్లల్లో 14 శాతం, పెద్దల్లో 8 శాతం తొందరగా తగ్గింది. అంటే పిల్లల్లో వారం ఉండేది ఆరు రోజులు. జలుబు పట్టాక మొదలుపెడితే ఆ లాభం కూడా కచ్చితంగా కనబడలేదు. మనందరం మొదలుపెట్టేది పట్టాకే.

ఖమ్మం_పాప_తల్లి
ఒక్క మాట చెప్పి పోతాను. మా పాపకి థలసీమియా, పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు. రక్తం ఎక్కించే చోట మొదటి రోజే చెప్పారు, డాక్టర్ రాస్తే తప్ప విటమిన్ సి ఇవ్వొద్దని, ఐరన్ ఒంట్లో పేరుకుపోయి గుండెకి ప్రమాదమని. "అందరికీ మంచిదే" అని దయచేసి రాయకండి.

గోదారోడు
సారీ అండీ, ఆ సంగతి నాకు తెలీదు. నేను మామూలు వాళ్ళ గురించి అన్నాను. మామూలు వాళ్ళకి మూత్రంలోనే పోతుంది.

బుజ్జిగాడమ్మ
సీసా తీసి చూశాను. ఎంఎల్‌కి 100 అనే ఉంది. కానీ ఇంకోటి బయటపడింది. బాబుకి విటమిన్ డి డ్రాప్స్ కూడా ఉన్నాయి, రెండు సీసాలూ ఒకే సైజు, ఒకే గోధుమ రంగు, వంటింటి కిటికీలో పక్కపక్కన ఉంటాయి. సి డ్రాపర్ మీద రెండు గీతలు ఉండాలి, అరకి ఒకటి, ఒకటికి ఒకటి. ఈ సి సీసాలో ఉన్నదానికి ఒకటే గీత. అది డి డ్రాపర్! కడిగి ఆరబెట్టినప్పుడు మారిపోయినట్టుంది. డి సీసా మీద ఎంఎల్‌కి 800 యూనిట్లు అని ఉంది, మాకు రాసింది అర ఎంఎల్. ఎన్నాళ్ళ నుంచి ఎంత పోయిందో దేవుడికే తెలియాలి. పైగా మామయ్య డ్రాప్స్ కాకుండా మధ్యాహ్నం భోజనం అయ్యాక విటమిన్ సి 500 బిళ్ళ కూడా చప్పరిస్తున్నారట, పిప్పరమెంటులా ఉంటుందని.

కౌంటర్_వెనకోడు
ఇదే నా భయం. సి తో అంత ఇబ్బంది లేదు కానీ డి నీళ్ళలో కరిగేది కాదు, కొవ్వులో నిలవ ఉండిపోతుంది. 2010లో అమెరికా మందుల సంస్థ ప్రత్యేకంగా హెచ్చరించింది, పసిపిల్లల డి డ్రాప్స్‌కి పెద్ద డ్రాపర్లు వస్తున్నాయి, 400 యూనిట్లు దాటి పోసేస్తున్నారు, జాగ్రత్త అని. మీ లెక్కలో రోజూ నిండా పోసినా 800, ఈ వయసుకి అది విషం కాదు. అయినా డాక్టర్‌కి ఫోన్ చేసి ఎన్ని రోజులు, ఎంత అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రెండు సీసాల మూతల మీద రెండు రంగుల టేపు అంటించండి. చుక్కలు లెక్కపెట్టి వెయ్యొద్దు, ఎంఎల్‌కి ఇరవై చుక్కలంటారు గానీ డ్రాపర్ మూతి బట్టి మారుతుంది, గీత చూసే పోయాలి. మామయ్యగారిది 200, 500 కలిసి 700. రాయి వచ్చిన మనిషికి అది చాలా ఎక్కువ. ఆ బిళ్ళ పులుపు పళ్ళ ఎనామిల్‌కి కూడా మంచిది కాదు. విటమిన్ సి బాగా ఎక్కువ మోతాదులో పోతే ఇంట్లో వేలు గుచ్చి చూసే కొన్ని షుగర్ మిషన్లలో రీడింగ్ తప్పు వస్తుంది, అది కూడా డాక్టర్ చెవిన వెయ్యండి.

జామచెట్టు
చూశారా? నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే. ఈ కాలం తల్లులకి ఒక జామకాయ కోసి పెట్టే ఓపిక లేదు. సీసా కొని కిటికీలో పెట్టి ఆఫీసుకి పోతారు.

అర్ధరాత్రి_అమ్మ
మాస్టారూ, ఓపిక అంటున్నారు కాబట్టి అడుగుతున్నా. రెండేళ్ళ పిల్లాడికి జామకాయ ఎప్పుడైనా స్వయంగా పెట్టారా? గింజలు తియ్యాలి, లేకపోతే గొంతుకి అడ్డం. పైన గట్టిగా ఉంటే నమలలేడు, మెత్తగా ఉంటే వేళ్ళతో నలిపి గోడకి రాస్తాడు. తొమ్మిదింటికి బస్సు ఎక్కాల్సిన మనిషి ఎనిమిదిన్నరకి చెంచాతో గింజలు గీకుతుంటే పక్కన కూర్చుని వంద గ్రాముల్లో రెండొందల మిల్లీగ్రాములు అని చెప్పడం చాలా తేలిక. మా నాన్నగారూ ఇలాగే మాట్లాడేవారు. నలుగురు పిల్లల్ని పెంచింది మా అమ్మ, కబుర్లు ఆయనవి.

జామచెట్టు
మీ నాన్నగారి సంగతి నాకు తెలీదమ్మా. నా సంగతి చెప్తాను. నా మనవడికి నాలుగేళ్ళు, నెలకోసారి వస్తాడు. పెరట్లో చెట్టు ఉంది, కాయ కోసి ముక్క చేతిలో పెట్టబోతే మా కోడలు "మావయ్యా, డైట్ చార్ట్‌లో లేదు" అంటుంది. కడిగారా అంటుంది. ఉప్పు వేశారా అంటుంది. ముక్క నా చేతిలోనే ఉండిపోతుంది. నా మాట పక్కన పెట్టండి, ఇక్కడ ఆ పెద్దావిడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లాణ్ణి చూసుకుంటుంది, ఆవిడని వదిలేసి పదిమంది ముందు ఆవిడ తప్పులు లెక్కపెడుతున్నారు. డాక్టర్ చీటీ మీద ఏముందో ఆవిడకి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా?

అర్ధరాత్రి_అమ్మ
ఇందాకటిదాకా డ్రాప్స్ వేసినందుకు తిట్టారు, ఇప్పుడు వేసినావిడ తరఫున మాట్లాడుతున్నారు. మీరు ఏ వైపు?

జామచెట్టు
జామకాయ వైపు.

బుజ్జిగాడమ్మ
మాస్టారు అడిగింది నిజమే, చెప్పలేదు. చీటీ ఇంగ్లీషులో ఉంది, అత్తమ్మకి తెలుగు చదవడమే వచ్చు. డ్రాపర్ చూపించి "ఇంత" అని వేలు పెట్టి బస్సుకి పరిగెత్తాను. ఇంకోటి కూడా రాస్తాను, తిట్టుకున్నా పర్లేదు. కిందటి చలికాలం బాబుకి న్యుమోనియా అయ్యి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంచాం. ఆ రాత్రి నేను అత్తమ్మని "మీరు సరిగ్గా చూసుకోకనే వచ్చింది" అన్నాను, వార్డులో అందరి ముందు. ఆవిడ ఒక్క మాట తిరిగి అనలేదు. ఇప్పుడు బాబు తుమ్మితే చాలు డ్రాపర్ నింపుతున్నారు. నేను ఆపమంటే మళ్ళీ అదే మాట అన్నట్టవుతుందని రెండు రోజులు చెప్పకుండా ఇక్కడ రాశాను.

కౌంటర్_వెనకోడు
మాస్టారూ, ఐదు సీసాలు నేను అమ్మలేదు. కానీ నా కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ వచ్చి "మనవడికి" అంటే నేను కూడా ఇచ్చేవాణ్ణే. అది ఒప్పుకుంటాను.

జామచెట్టు
సరే. దొంగ అనలేదు గానీ అలా వినబడింది.

బుజ్జిగాడమ్మ
డాక్టర్ ఫోన్ ఎత్తారు. బాబుకి సి ఆపెయ్యమన్నారు, డి అర ఎంఎల్ దాని డ్రాపర్‌తోనే, బాబుకి మరేం భయం లేదన్నారు. మామయ్యని మూత్ర పరీక్ష, స్కాన్ చేయించుకోమన్నారు, రేపు తీసుకెళ్తున్నాం. సాయంత్రం అత్తమ్మతో కూర్చుని డి డ్రాపర్ మీద అర దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత పెట్టాం, ఆవిడే పెట్టారు, నా చెయ్యి వణికితే. సి సీసా సింకులో పారబోస్తుంటే "మరి మళ్ళీ జలుబు చేస్తే ఏం వెయ్యాలె?" అని అడిగారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

రెండో_కాన్పు
జామకాయ తింటే జలుబు చేస్తుంది అంటారు కదా, అది నిజమేనా?

జామచెట్టు
దానికి వేరే చర్చ మొదలుపెట్టమ్మా. అక్కడికి వస్తాను.