‘నాకిప్పుడు డివిజన్ లేదు’: ఈ ఒక్క వాక్యం తెలుగులో ఎలా చెప్పాలి?

పోయిన వారం నాన్నగారిని గెటిస్‌బర్గ్ తీసుకెళ్ళాను. మేముండే ఉత్తర వర్జీనియా నుంచి కారులో రెండు గంటల లోపు ప్రయాణం. ఆయన పాతికేళ్ళకు పైగా సైన్యంలో చేసి సుబేదారుగా రిటైరయ్యారు. గుళ్ళూ జలపాతాలూ చూడటం అయ్యాక, “యుద్ధం జరిగిన చోటేదో ఉందన్నావుగా, అది చూపించమ్మా” అన్నారు. అక్కడ గైడు చెబుతుంటే నేను పక్కన నిలబడి తెలుగులో చెబుతూ వచ్చాను. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. అప్పట్నుంచీ అది నన్ను వదలడం లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

అమెరికా అంతర్యుద్ధం, 1863 జులై 3, గెటిస్‌బర్గ్‌లో మూడో రోజు. దక్షిణాది సేనాని లీ, ఉత్తరాది బలగం సరిగ్గా నడుమ కొట్టమని మధ్యాహ్నం దాడికి పంపాడు. దాదాపు 12,500 మంది మైలుకు కాస్త తక్కువ బయలు పొలంలో నడుచుకుంటూ వెళ్ళారు. గంటలోపే అంతా అయిపోయింది. మిగిలినవాళ్ళు వెనక్కి వస్తుంటే లీ ఎదురెళ్ళి, శత్రువు ఎదురుదాడికి దిగొచ్చు, నీ డివిజన్‌ని (కొన్ని వేల మంది సైనికుల బలగం) ఈ గట్టు వెనక నిలబెట్టు అని, ఆ దాడిలో ఒక డివిజన్‌కి సేనాని అయిన పికెట్‌తో అన్నాడట. పికెట్ ఇచ్చిన జవాబు చరిత్ర పుస్తకాల్లో ఒకటి రెండు మాటల తేడాతో కనిపిస్తుంది. నేను దాన్ని ఉన్నదున్నట్టు “నాకిప్పుడు డివిజన్ లేదు అన్నాడట నాన్నా” అని చెప్పాను.

నాన్నగారు వెంటనే, “ఎందుకూ, ఛార్జి తీసేసుకున్నారా?” అన్నారు.

ఆయన అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. నేను చెప్పిన తెలుగుకు అర్థం అదే. ‘నాకు సైకిల్ లేదు’, ‘నాకు ఇల్లు లేదు’ అన్నట్టే ఉంది. అసలే లేకపోయి ఉండాలి, లేదా ఎవరో తీసుకుని ఉండాలి. చచ్చిపోయారన్న సంగతి అందులో ఎక్కడా లేదు. ‘నాకు అన్నలు లేరు’ అంటే పుట్టలేదని. ‘మా అన్న లేడు’ అంటే గుండె జల్లుమంటుంది. ఈ తేడా మనకు ఎవరూ నేర్పక్కర్లేదు, కానీ ఆ క్షణంలో నా నోటికి రాలేదు.

కాబట్టి మొదటి దిద్దుబాటు తేలిగ్గానే తేలింది: ‘నాకు’ తీసేసి ‘నా’ పెట్టాలి. ‘ఇప్పుడు’ బదులు ‘ఇక’ అనాలి. ‘నా డివిజన్ ఇక లేదు.’ అసలు చిక్కు ఆ ‘డివిజన్’ దగ్గర ఉంది.

డివిజన్ అంటే మన జనానికి తట్టేది రెవెన్యూ డివిజన్, రైల్వే డివిజన్, కార్పొరేషన్‌లో కార్పొరేటర్ గెలిచే డివిజన్. విభాగం అంటే ఇంకా అన్యాయం, ‘నా విభాగం ఇక లేదు’ అంటే ఆఫీసులో సెక్షన్ ఎత్తేసినట్టుంటుంది. పటాలం మంచి మాటే, ‘పటాలంలో చేరాడు’ అని మా ఊళ్ళో ఇప్పటికీ అంటారు. అయితే అది బెటాలియన్‌కి చుట్టం, పైగా ‘పిల్లల పటాలం’ అన్న వాడుకతో కాస్త తేలికపడింది. దళం అంటే తెలంగాణలోనైనా ఆంధ్రలోనైనా ఇప్పుడు చెవిన పడేది అడవిలో తిరిగే పది పదిహేను మంది. ‘దళంలో కలిశాడు’ అంటే ఎందులో కలిశాడో వేరే చెప్పక్కర్లేదు. లష్కర్ ఒకప్పుడు సైన్యానికే పేరు, ఇప్పుడు సికింద్రాబాద్ బోనాల దగ్గర మాత్రం భద్రంగా ఉంది.

నాకు దండు నచ్చింది. దండెత్తడం, దండయాత్ర, మిడతల దండు, అన్నిట్లోనూ గుంపుగా కదిలి రావడం ఉంది. ఇంకో కారణమూ ఉంది. ఉత్తరాదివాళ్ళు డివిజన్లకు అంకెలు వేసుకున్నారు: రెండో కోర్‌లో (కొన్ని డివిజన్లు కలిస్తే ఒక కోర్) రెండో డివిజన్, అలా. దక్షిణాదివాళ్ళు సేనాని పేరుతో పిలిచారు: పికెట్ డివిజన్, హెత్ డివిజన్, పెండర్ డివిజన్. ‘పికెట్ దండు’ అంటే ఆ పిలుపు తెలుగులో చక్కగా ఒదుగుతుంది. ‘రెండో దండు’ అంటే ఒదగదు.

ఆ దండు సంగతి కొంచెం చెప్పకపోతే వాక్యం బరువు తెలియదు. అందరూ వర్జీనియావాళ్ళే. మూడు బ్రిగేడ్లు, ఒక్కోదానిలో అయిదు చొప్పున పదిహేను రెజిమెంట్లు. సైన్యం సామాను బండ్ల వరసకు కాపలాగా వెనక ఛేంబర్స్‌బర్గ్‌లో ఉండి, రెండో రోజు సాయంత్రానికి గానీ గెటిస్‌బర్గ్ చేరలేదు. మొదటి రెండు రోజులూ పోరాడలేదు గనుక మూడో రోజు ముందుకు తోశారు. బ్రిగేడ్లు నడిపినవాళ్ళు గార్నెట్, కెంపర్, ఆర్మిస్టెడ్. గార్నెట్ కాలికి దెబ్బ తగిలి నడవలేక గుర్రం మీద వెళ్ళాడు. అంత బయల్లో గుర్రం మీద మనిషంటే గురి పెట్టినట్టే, ఆయన శవాన్ని కూడా తర్వాత గుర్తుపట్టలేకపోయారు. ఆర్మిస్టెడ్ టోపీ తీసి కత్తి మొనకు తగిలించి పైకెత్తి, వెనకవాళ్ళకు కనిపించేలా నడిచి, ఉత్తరాదివాళ్ళ ముందున్న రాతిగోడ దాటి అవతల పడ్డాడు. రెండు రోజులకు పోయాడు. కెంపర్ తీవ్రంగా గాయపడి పట్టుబడ్డాడు, బతికాడు. దండులో సుమారు సగం మంది చనిపోవడమో, గాయపడటమో, దొరికిపోవడమో జరిగింది.

ఆ గోడ దగ్గరికి నాన్నగారు వెళ్ళి చెయ్యి వేసి నిలబడ్డారు. నడుము దాకా కూడా రాదు. అటువైపు చేను, దాని మధ్యలో ఎమిట్స్‌బర్గ్ రోడ్డు, రోడ్డుకు రెండు వైపులా కర్రల కంచెలు. “కంచె ఎక్కి దిగేటప్పుడు పోయుంటారు ఎక్కువమంది” అన్నారు. గైడు అప్పటికింకా ఆ మాట చెప్పలేదు, తర్వాత సరిగ్గా అదే చెప్పాడు.

చేర్పు 1 (వ్యాఖ్యలు చదివాక): 

డివిజన్‌కి బదులు మన పాత సేనల లెక్కలోని చమువు, అనీకిని అన్న పేర్లు గుర్తుచేసినవారికి నమస్కారం. లెక్క వేసి చూశాను. ఆ లెక్కలో అన్నిటికన్నా చిన్నదైన పత్తిలో అయిదుగురు కాల్బలం. అక్కణ్ణుంచి సేనాముఖం, గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని దాకా మూడేసి రెట్లు. చమువులో కాల్బలం 3,645, అనీకినిలో 10,935. పికెట్ వెంట ఆ రోజు ఉన్నది అయిదారు వేలు కాబట్టి చమువుకి ఎక్కువ, అనీకినికి తక్కువ. లెక్క ముచ్చటగానే ఉంది గానీ, ‘నా చమువు ఇక లేదు’ అంటే మా నాన్నగారికే కాదు, ఈ గుంపులో సగం మందికి అర్థం కాదు. అయినా ఆ వ్యాఖ్య వల్ల ఒకటి తట్టింది. పదకొండు అక్షౌహిణులున్న దుర్యోధనుడికి చివర అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ మిగిలారు. అక్కడ మనం ‘అక్షౌహిణులు లేవు’ అనుకోం, ‘ఎవరూ మిగల్లేదు’ అనుకుంటాం.

చేర్పు 2: 

నేను వెతుకుతున్నది ఆ ‘ఎవరూ మిగల్లేదు’ దగ్గర దొరికిందనిపిస్తోంది. మన వ్యాకరణంలో సైన్యం, దండు, పటాలం అన్నీ అమహత్తు, అంటే వస్తువుల్లాగా ‘అది’ అనే వర్గం. ‘సైన్యం వచ్చింది’ అంటాం, ‘వచ్చారు’ అనం. జనం మాత్రం ‘వచ్చారు’. ‘జనం’ అన్న మాట దాటి ‘సైన్యం’ అనగానే వెయ్యి మందైనా, లక్ష మందైనా రాయీ రప్పాతో సమానంగా ‘లేదు’లోకి పోతారు. ఇంగ్లీషులో పికెట్ మాటకు ఈ ఎంపిక రాదు. తెలుగులో ‘లేదు’ అంటామా, ‘లేరు’ అంటామా అని నిలబడి తేల్చుకోవాల్సిందే.

చరిత్ర చూస్తే ఆ తేడా చిన్నది కాదు. డివిజన్ ఉంది! పికెట్ ఆ మాట అన్నాక కూడా అది కాగితం మీద రెండేళ్ళు బతికింది. కొత్తవాళ్ళను నింపారు, పీటర్స్‌బర్గ్ దగ్గర కందకాల్లో కూర్చోబెట్టారు. 1865 ఏప్రిల్ 1న ఫైవ్ ఫోర్క్స్ దగ్గర చెదిరింది. అప్పుడు పికెట్ వెనకెక్కడో చేపల భోజనంలో ఉన్నాడు. ఏప్రిల్ 6న సెయిలర్స్ క్రీక్ దగ్గర మిగిలిందీ ముక్కలైంది. ఏప్రిల్ 9న అపొమాటాక్స్‌లో లీ లొంగిపోయేనాటికి ఆ పేరు కింద కొద్దిమందే ఉన్నారు. అంటే 1863 జులై 3 సాయంత్రం ‘డివిజన్ లేదు’ అనడం కచ్చితంగా నిజం కాదు. ‘వాళ్ళు లేరు’ అనడం నిజం.

చేర్పు 3: 

ఒకరు ‘హా! నా వీరవాహిని నేలకొరిగినది’ అని సూచించారు. వద్దండీ. అది పద్యనాటకంలో బాగుంటుంది. పికెట్ పొడిగా నాలుగు మాటలన్నాడు, మనమూ పొడిగానే అనాలి. ఇంకో సంగతి. వాళ్ళు పోరాడింది బానిసత్వాన్ని నిలుపుకోవాలన్న పక్షాన. ఇదే పికెట్ 1864 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలోని కిన్‌స్టన్‌లో, పట్టుబడ్డ ఉత్తరాది సిపాయిలు 22 మందిని, తమ సైన్యం వదిలి వెళ్ళినవాళ్ళన్న నేరం మోపి ఉరి తీయించాడు. ఆ మనిషికి వీరగంధం పూసే అనువాదం నేను చేయలేను. ఆ పొలంలో పడ్డవాళ్ళ లెక్క మాత్రం సరిగ్గా చెప్పాలనుంది, అంతే.

పికెట్ జవాబు చివర ‘లేదండీ’ అని పెట్టమన్నవారికి: ‘అండీ’ ఇంట్లో మర్యాద, సైన్యంలో పొసగదు. ‘సార్’ నాకు నయం. మన పోలీసు, మన మిలిటరీ, మన బడి అన్నీ ఆ మాటతోనే నడుస్తున్నాయి. పరాయిమాట అని దాన్ని తీసేస్తే పై అధికారి ఎదుట నిలబడ్డ మనిషి కనిపించడు.

చేర్పు 4: 

నిన్న రాత్రి ఇదంతా నాన్నగారికి చదివి వినిపించాను. పూర్తిగా విన్నారు. వ్యాకరణం దగ్గర నవ్వారు. తర్వాత, “మా దగ్గర రోజూ సాయంత్రం గిన్తీ ఉంటుందమ్మా. వరసలో నిలబెట్టి లెక్క చూస్తారు. ఆస్పత్రిలో ఇద్దరు, సెలవులో ముగ్గురు, డ్యూటీలో నలుగురు, అలా ప్రతి తలకాయా లెక్కకు రావాలి. ఆ పూట గిన్తీ పెడితే ఆయనేం చెప్పేవాడో అది రాయి” అన్నారు.

ఏం చెప్పేవాడని అడిగాను.

“గిన్తీకి మనుషులు లేరు సార్.”

అందులో ‘దండు’ లేదు, ‘డివిజన్’ లేదు. లీ అడిగింది డివిజన్ గురించి, పికెట్ జవాబు మనుషుల గురించి అవుతుంది. నాకైతే ఇదే సరిపోయింది. కానీ గిన్తీ ఫౌజు మాట, హిందీ మాట. ఇంట్లో మిలిటరీవాళ్ళు లేని పాఠకుడికి అందుతుందా? ‘లెక్కకు మనుషులు లేరు సార్’ అంటే అంతే బిగువుగా ఉంటుందా, లేక ‘లెక్కలేనంతమంది’ గుర్తొచ్చి తలకిందులవుతుందా? ఒక్కసారి పైకి చదివి చూసి చెప్పండి.