వాసనను మోసేది కణాల వేగమా, గాలి కదలికా?

రొయ్యల చెరువు, భీమవరం:
మా అబ్బాయి బడిలో అగరుబత్తి వెలిగించి, గది అవతలి మూలకు వాసన చేరగానే “వాయువులో కణాలు వేగంగా కదులుతాయి గనుక” అని కారణం రాయించారు. ఈ కారణం నాకు పొసగడం లేదు. గది ఉష్ణోగ్రత దగ్గర నైట్రోజన్ అణువు వేగం సెకనుకు సుమారు 500 మీటర్లు. వాసనను మోసేది ఆ వేగమే అయితే, పనసపొట్టు కూరలో ఆవ కలిపిన మరుక్షణమే వీధి చివరి ఇంటికి తెలిసిపోవాలి. నిజానికి అణువు మిల్లీమీటరులో పదివేల వంతైనా పోకముందే మరొక అణువును ఢీకొని దారి మార్చుకుంటుంది. గాలి ఏమాత్రం కదలని గదిలో ఈ తిరుగుడు మీదే ఆధారపడితే అయిదు మీటర్లు దాటడానికి రోజులు పడుతుంది. కనుక వాసనను మోసుకొచ్చినది బత్తి వేడికి లేచిన గాలి, తిరుగుతున్న ఫ్యాను.

పాత సైన్సు టీచరు, అమలాపురం:
లెక్క సరే, తీర్పు తొందరపాటు. గాలి వాసనను పాయలు పాయలుగా మోసుకుపోగలదు గానీ, ఆ పాయలోని అణువులు చుట్టూ ఉన్న గాలిలో పూర్తిగా కలిసిపోవడం కణాల స్వంత కదలిక వల్లే జరుగుతుంది. 1827లో రాబర్ట్ బ్రౌన్ సూక్ష్మదర్శిని కింద నీటిలో చూసిన రేణువుల కదలికకు ప్రవాహం కారణం కాదు. 1905లో ఐన్‌స్టీన్ దానిని అణువుల తాకిడితోనే వివరించారు. ఘనపదార్థంలో కణాలు ఉన్నచోటనే కంపిస్తాయని చెబుతాము, అయినా 1896లో రాబర్ట్స్ ఆస్టెన్ ఘన సీసంలోకి బంగారం చొరబడటాన్ని కొలిచి చూపారు. అక్కడ ఏ ఫ్యాను తిరిగింది? వేడినీళ్ల గ్లాసులో సిరాచుక్క త్వరగా పరుచుకోవడం పిల్లలు కళ్లారా చూస్తారు, మొదటి మెట్టుగా అది చాలు.

రొయ్యల చెరువు, భీమవరం:
మాస్టారూ, ఆ వేడి గ్లాసులోనూ నీళ్లు పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటాయి కదా. సిరాను పరిచినది కణమా, ప్రవాహమా అన్నది అక్కడా తేలదు. ద్రవం సంగతి మా చెరువుగట్టు మీద ఇంకా బాగా తెలుస్తుంది. రాత్రంతా నాచు, రొయ్యలు ఆక్సిజన్‌ను వాడుకోవడంతో తెల్లవారుజామున అది అడుగంటుతుంది. కరెంటు పోయి ఏరియేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) ఆగితే రొయ్యలు నీటి పైకి తేలి గట్టు అంచుకు చేరతాయి. పైన గాలిలో అయిదో వంతు ఆక్సిజనే. కానీ కదలని నీటిలో అది తనంతట తాను మీటరు లోతు దిగాలంటే ఏళ్లు పడుతుంది. ఏరియేటరు రెక్కలు నీటిని చిమ్మి గాలి తగిలే మేర పెంచుతాయి, పై నీటిని అడుగుకు తోస్తాయి. డీజిల్ ఖర్చు పెట్టేవాడికి కణాల వేగం మీద అంత నమ్మకం ఉండదు.

పాత సైన్సు టీచరు, అమలాపురం:
వేడి గ్లాసు విషయంలో మీ అభ్యంతరం న్యాయమైనదే. అయితే ప్రవాహానికి తావు లేకుండా చూద్దాము: చైనా గ్రాస్ (సముద్రపు నాచు నుంచి తీసే, జెల్లీలా గడ్డకట్టే పదార్థం) కాచి గ్లాసులో గడ్డకట్టించి, పైన సిరాచుక్క వేసి, గ్లాసు మీద గీతలు పెట్టి గమనించండి.

రొయ్యల చెరువు, భీమవరం:
చేసి చూశాము. ఉదయం వేసిన సిరా సాయంత్రానికి చిటికెనవేలి గోరంత దిగింది. “అయినా దిగింది కదా” అని మీరంటారని తెలుసు. దిగింది, కాదనను.