పాదాన్ని పక్కకు జరిపితే

ప్రశ్న: గుణుపురం నుంచి రాస్తున్నాను. వంశధార మీద రాసిన వచన కవితలో పాదాలను మెట్లలా కుడికి జరిపాను. ఇతరుల ఫోన్లలో అవన్నీ ఎడమ అంచుకు చేరిపోతున్నాయి. ఇటువంటి అమరిక తెలుగుకు నప్పదంటారా?

జవాబు: నప్పుతుందండీ. మీ పాదాలనే చూద్దాం.

వంశధార
    దిగుతోంది
        దిగుతోంది
            మా రేవు దాకా

రెండు 'దిగుతోంది'ల నడుమ ఉన్న మెట్టే ఆ పునరుక్తికి ప్రాణం. అంచు సమమైతే రెండోది ఉత్త ఊనికగా మిగిలిపోతుంది. నాలుగో పాదం సంగతి వేరు. నీరు రేవుకు చేరాక పాదం ఇంకా కుడికి జరగడానికి కారణం కనిపించదు, పై వరసను చూసి జరిపినట్టుంది. నేనైతే దాన్ని ఎడమకే తెస్తాను.

పద్యానికి ఈ బెంగ లేదు. తాటాకు మీద పాదాలు విడదీయకుండా ఒకే బారున రాసినా, గణాలూ యతీ తెలిసినవారు ఆటవెలదిని ఎక్కడ విరవాలో చెప్పగలరు. కందమైతే ప్రాసాక్షరమే పాదం మొదలును పట్టిస్తుంది. అక్షరాలను బొమ్మలో పొదిగే బంధ కవిత్వం కూడా అంతే. ఒడియాలో దానికి పేరుపడ్డ ఉపేంద్ర భంజ మన గంజాం వైపు ఘుముసర రాజవంశీకుడే. చక్రబంధంలోనో నాగబంధంలోనో ఏ అక్షరం ఏ గడిలో పడాలో నియమం ఉంటుంది కానీ, బొమ్మ చెరిపేసినా పద్యం ఛందస్సు మీద నిలబడుతుంది. వచన కవిత ఆ కొలతలను వదులుకుంది కనుక, అవి మోసిన బరువులో కొంత పాదం విరుపు మీదా, ఖాళీ మీదా పడింది.

ఇక ఫోను విషయం. వరసగా ఎన్ని ఖాళీలు కొట్టినా వెబ్ పేజీ మామూలుగా వాటిని ఒక్కటిగా కుదిస్తుంది, పాదం మొదట్లోనివైతే తీసేస్తుంది. పైగా మన అక్షరాల వెడల్పు సమానం కాదు; 'ర' ఇరుకు, 'ఘ' విశాలం, ఫాంటు మారితే ఆ లెక్కా మారుతుంది. అందువల్ల పై పాదంలోని ఫలానా అక్షరం కిందే ఈ మాట రావాలన్న అమరిక ఖాళీలతో కుదిరే పని కాదు. అది తప్పనిసరి అనుకుంటే కవితను బొమ్మగా పంపండి, దాని కిందనే మామూలు పాఠమూ పెట్టండి. లేకపోతే వెతికేవారికి మీ మాటలు దొరకవు, ఫోను చదివి వినిపిస్తే తప్ప తెలుసుకోలేని అంధ పాఠకులకు సరిగా అందవు.